తాడు రాతిని కోస్తుందా? – గండికోట చెప్పే పాఠం

హైదరాబాదు పాతబస్తీలో పాతకాలపు ఇళ్ల బావులను మీరెప్పుడైనా పరీక్షగా చూశారా? గిలక లేని బావి అయితే దాని అంచు రాళ్లమీద అరచెయ్యి ఆనించి చూడండి. తాడు ఒరుసుకున్న చోట నున్నని గాడులు తగులుతాయి. ఆ రాయి గట్టి గ్రానైటు. తాడేమో కొబ్బరి పీచుతోనో, నూలుతోనో పేనినది. మెత్తని తాడు గట్టి రాతిని ఎలా కోసింది?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, భూమిమీద వున్న మహా లోయలు ఎలా ఏర్పడ్డాయో కూడా తెలిసినట్లే. అటువంటి లోయ ఒకటి మనకు ఒక పగటి ప్రయాణం దూరంలోనే వున్నది. అదే గండికోట.

ప్రయాణంలోనే సగం పాఠం

అమెరికాలో పడకలు, వంటగది అమర్చిన మోటారు బళ్లలో స్నేహితులు కలిసి, ఎడారి లోయలు చూడటానికి రోజుల తరబడి తిరుగుతారు. మనం కూడా నలుగురైదుగురు మిత్రులతో ఒక వ్యానులో స్టవ్వు, బియ్యం, పరుపులు, నీళ్ల డబ్బాలు వేసుకొని, చార్మినారు దగ్గర బయలుదేరామనుకోండి. కిటికీలోంచి రాళ్లను గమనిస్తూ ఉండండి.

మొదట కనిపించేవి హైదరాబాదు గుండ్రాళ్లు. గోలకొండ చుట్టూ, పహాడీ షరీఫ్ గుట్టమీద చూసేవి ఇవే. కరిగిన శిలాద్రవం భూమి లోపల నెమ్మదిగా చల్లారి గ్రానైటు అయింది. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దీనిలో పొరలు ఉండవు. ఎండకు, వానకు మూలలు అరిగి, పెచ్చులు ఊడి, బండలు గుండ్రంగా తయారవుతాయి.

బీచుపల్లి దగ్గర కృష్ణను, కర్నూలు దగ్గర తుంగభద్రను దాటి బనగానపల్లె వైపు తిరిగితే దృశ్యం మారిపోతుంది. గుండ్లు మాయమై, పుస్తకాలు దొంతరగా పేర్చినట్లు పలకలు పలకలుగా రాళ్లు కనిపిస్తాయి. ఇవి అవక్షేప శిలలు, అంటే నీటి అడుగున పేరుకొని గట్టిపడిన రాళ్లు. బేతంచర్ల బండలు ఇక్కడివే. మీ వంటింటి గట్టుమీద పరచిన నల్లని కడప బండ కూడా ఈ కుటుంబానికి చెందినదే. ఒకనాడు ఈ కరువు సీమ మీద సముద్రం ఉండేదని ఆ బండలే సాక్ష్యం చెబుతున్నాయి. ఈ ప్రాంతపు శిలలను పరిశీలించి విలియం కింగ్ రాసిన గ్రంథాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1872లోనే ప్రచురించింది.

కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలున్నాయి. అక్కడ సున్నపురాయిని నీరు కరిగించి, 3 కిలోమీటర్లకు పైగా సొరంగాలు చేసింది. అక్కడ నీటి పని కరిగించడం. గండికోటలో చేసిన పని అది కాదు.

పేరులోనే వున్నది

చెరువు కట్ట తెగితే ‘గండి పడింది’ అంటాము. కొండను నది తెంచుకొని పోయిన చోటును కూడా మన పెద్దలు గండి అనే పిలిచారు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండను చీల్చుకొని పోయే చోటు పేరు కూడా గండి. జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలలో పెన్నానది కోసిన గండిమీద కోట కట్టారు గనుక అది గండికోట. నదివైపు నిలువు కొండచరియే గోడ; వేరే గోడ అక్కరలేదు. ఇంతటి కోటను 17వ శతాబ్దం మధ్యలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు.

అంచుకు దూరంగా నిలబడి ఎదుటి గోడను చూడండి. ఎర్రని రాతిదిమ్మెలు ఎవరో తాపీపని చేసి పేర్చినట్లు వరుసలుగా ఉంటాయి. ఆ రాయి క్వార్ట్‌జైటు. ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కొని పోయి ఏర్పడిన చాలా కఠినమైన శిల. ఎరుపు రంగు ఇనుము తుప్పుది. ఈ ప్రాంతపు క్వార్ట్‌జైటు పలకలపై అక్కడక్కడ అలల ముడతలు కనిపిస్తాయి. ఏటి ఒడ్డున తడి ఇసుకలో పడే ముడతలే అవి. రాయిగా మారి నిలిచిపోయాయి.

రాయి వయస్సు వేరు, లోయ వయస్సు వేరు

ఇక్కడ చాలామంది పొరబడతారు. రాయి వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైబడినది కనుక, లోయ వయస్సు కూడా అంతే అనుకుంటారు. రొట్టె కాల్చిన సమయం వేరు, దాన్ని కత్తితో కోసిన సమయం వేరు కదా!

ఒక లెక్క వేద్దాం. నది పదేళ్లకు ఒక్క మిల్లీమీటరు మాత్రమే కోస్తుందనుకోండి. 100 మీటర్లు అంటే లక్ష మిల్లీమీటర్లు. అంత లోతు కోయడానికి పది లక్షల సంవత్సరాలు చాలు. వంద కోట్ల సంవత్సరాల రాతి జీవితాన్ని ఒక రోజుగా కుదిస్తే, ఈ కోత పట్టేది ఒకటిన్నర నిమిషం కంటే తక్కువ!

అమెరికాలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ కూడా ఇంతే. దాని పొడవు 446 కిలోమీటర్లు, లోతు ఒకటిన్నర కిలోమీటర్లకు పైనే. అడుగున వున్న రాళ్లు 170 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. లోయలో ఎక్కువ భాగం మాత్రం గత 50, 60 లక్షల సంవత్సరాలలో కోసినదే అని శాస్త్రజ్ఞుల భావన.

అసలు కత్తి ఏది?

ఇప్పుడు మళ్లీ బావి దగ్గరకు వద్దాం. రాతిని కోసింది తాడు కాదు. తడి తాడుకు అంటుకున్న ఇసుక రేణువులు! తాడు వాటిని పట్టుకొని రాతిమీద రుద్దింది, అంతే. నదిలోనూ అదే జరుగుతుంది. నీరు చెయ్యి, ఇసుక, గులకరాళ్లు కత్తి. సుడిలో చిక్కిన రాళ్లు గిరగిరా తిరుగుతూ నది అడుగున కుండల్లాంటి గుంటలు తొలుస్తాయి. నీటి ఒత్తిడికి పగుళ్లలోని దిమ్మెలు ఊడివస్తాయి.

అయితే పెన్నా సంవత్సరంలో చాలా రోజులు ఎండిపోయే నది. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది, ఎక్కువ దూరం వానలు తక్కువ పడే సీమలోనే నడుస్తుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లు మాత్రమే. మరి అంత పని ఎప్పుడు చేసింది?

వరద రోజులలో! నీటి వేగం రెట్టింపైతే, అది దొర్లించగల రాతి బరువు రెట్టింపు కాదు. సుమారు 64 రెట్లు అవుతుంది. వేగం మూడు రెట్లయితే 729 రెట్లు. అంటే వేగం ఆరవ ఘాతంతో బరువు పెరుగుతుందన్నమాట. మామూలు రోజున ఇసుక మాత్రమే మోసే నది, వరద రోజున బండలను దొర్లిస్తుంది. పది నెలల్లో చేయని పనిని పది రోజుల్లో చేసేస్తుంది.

గోడలు నిలువుగా ఎందుకున్నాయంటారా? వానలు ఎక్కువైన చోట నది లోతుగా కోస్తూంటే, వాన నీరు గట్లను కూడా అరగదీసి వాలుగా చేస్తుంది. పొడి సీమలో గట్లు అరిగేది తక్కువ. దానికి తోడు రాయి గట్టిది. నిలువు పగుళ్ల వెంట దిమ్మెలుగా రాలుతుందే గాని మట్టిలా జారిపోదు.

ఎండిన నదిని నమ్మరాదు

ఈ పాఠం పరీక్ష కోసం మాత్రమే కాదు. 1997 ఆగస్టు 12న అమెరికాలోని ఆంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయలో 11 మంది సందర్శకులు మరణించారు. వాళ్లున్న చోట వాన లేదనే చెప్పవచ్చు. మైళ్ల దూరంలో కురిసిన వాన గోడలా వచ్చి మీద పడింది. మన కడప సీమలోనే, పెన్నా ఉపనది చెయ్యేరుపై వున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్టకు 2021 నవంబరు 19న వరద తాకిడికి గండి పడింది. దిగువ గ్రామాలలో ఎన్నో ప్రాణాలు పోయాయి. మన మూసీ 1908 సెప్టెంబరు 28న ఏం చేసిందో ఇంట్లో పెద్దవాళ్లనడగండి.

కనుక నది ఇసుకలో గుడారం వేయకండి, వ్యాను నిలపకండి. మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉంటే చాలదు. నదికి ఎగువన ఆకాశం ఎలా ఉందో తెలుసుకోవాలి. కొండచరియ అంచున కూర్చోకండి. పగుళ్లున్న దిమ్మె ఏనాడు ఊడుతుందో చెప్పలేము.

చేసి చూడండి

1. ఒకే బరువున్న రెండు ఇటుక ముక్కలు తీసుకోండి. రెండు ప్లాస్టిక్ డబ్బాలలో ఒక్కొక్కటి వేసి, సగానికి నీరు పోయండి. ఒక డబ్బాలో మాత్రం గుప్పెడు గరుకు ఇసుక కూడా వేయండి. మూతలు బిగించి ఒక్కొక్కదాన్ని 500 సార్లు ఊపండి. ముక్కలను ఆరబెట్టి తూచండి. ఏది ఎక్కువ అరిగింది?

2. లోయ ఎదుటి గోడ ఎంత దూరమో టేపు లేకుండానే కొలవవచ్చు. చప్పట్లు కొట్టండి. ప్రతి చప్పట్టూ ముందు చప్పట్టు ప్రతిధ్వనితో సరిగ్గా కలిసేలా సాధన చేయండి. అలా పది వ్యవధులకు 8 సెకన్లు పట్టిందనుకోండి. ఒక వ్యవధి 0.8 సెకను. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ధ్వని వెళ్లి తిరిగి వస్తుంది గనుక సగం చేయాలి: 0.8 × 340 ÷ 2 = 136 మీటర్లు.

ఆలోచించండి

నదికి ఎగువన ఆనకట్ట కడితే ఇసుక, గులకరాళ్లు దాని వెనుకనే ఆగిపోతాయి. అప్పుడు దిగువన నీరు వున్నా, కోత పూర్వంలాగే సాగుతుందా? చెయ్యి వున్నది, కత్తి లేదు. జవాబు మీరే రాయండి.