తప్పు చెవిదా, తీగదా?

పిల్లలూ! ఒక శనివారం సాయంత్రం మా పదో తరగతి కుర్రాడొకడు పాత బేస్ గిటారు భుజాన వేసుకొని కాశీబుగ్గలోని మా ఇంటికి వచ్చాడు. వాళ్ళమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచి కూడబెట్టిన డబ్బుతో కొన్న గిటారు అది.

"మేష్టారూ, నాకు చెవి లేదంటున్నారండి. వార్షికోత్సవం పాటల్లోంచి నన్ను తప్పిస్తారట. దీన్ని అమ్మేస్తానండి" అన్నాడు.

"మరి నీకేం వినిపిస్తోంది?" అని అడిగాను.

"ఉత్త తీగ మీటితే బాగానే ఉంటుందండి. కింది మెట్లకు వెళ్ళేకొద్దీ కీబోర్డుతో కలవదు. రెండూ కలిపి వాయిస్తే శబ్దం ఊగుతుందండి."

చెవి లేనివాడికి ఊగుడు ఎలా వినిపిస్తుంది? నాకు అనుమానం కుర్రాడి మీద కాక గిటారు మీద కలిగింది. స్కేలు, నోటు పుస్తకం తెమ్మన్నాను. మేము కనుక్కున్నదేమిటో చెప్పే ముందు, తీగ స్వరం దేనిమీద ఆధారపడుతుందో చూద్దాం.

మూడు నియమాలు

మన జిల్లాలో జముకుల కథ చెప్పేవారిని మీలో కొందరు చూసే ఉంటారు. జముకు అంటే ఒక పక్క తోలు మూసిన గుండ్రని పాత్ర. ఆ తోలు మధ్యనుంచి ఒకే ఒక తంత్రి వస్తుంది. తంత్రిని బిగలాగి మీటితే స్వరం హెచ్చుతుంది, వదిలితే తగ్గుతుంది. ఇది తన్యత చేసే పని. బొబ్బిలి వీణలో తీగను మెట్టుమీద నొక్కితే కంపించే భాగం కురచై స్వరం పెరుగుతుంది. ఇది పొడవు చేసే పని. అదే వీణలో లావు తీగ మంద్రంగానూ, సన్న తీగ హెచ్చుగానూ పలుకుతాయి. ఇది తీగ బరువు చేసే పని.

ఫ్రాన్సు దేశస్థుడు మారిన్ మెర్సెన్ 1636లో ప్రచురించిన గ్రంథంలో వీటిని లెక్కలతో చెప్పాడు. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. తన్యత 4 రెట్లయితే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. మీటరు తీగ బరువు 4 రెట్లయితే పౌనఃపున్యం సగమవుతుంది.

ఇక బేస్ గిటారు సంగతి. దీనికి సాధారణంగా నాలుగు తీగలు. వాటి పౌనఃపున్యాలు 41.2, 55, 73.4, 98 హెర్ట్జ్‌లు. మనిషి చెవికి వినిపించే కనిష్ఠ పౌనఃపున్యం సుమారు 20 హెర్ట్జ్‌లే. నాలుగు తీగల పొడవూ ఇంచుమించు ఒకటే, 86 సెంటీమీటర్లు. మంద్రం కోసం తీగను వదులు చేస్తే అది బట్టలారేసే తాడులా వేలాడుతుంది. అందుకని బరువు పెంచారు. కాని ఒకే లావు ఊచ వేస్తే బిరుసెక్కి సరిగా పలకదు. కనుక సన్నని ఉక్కు తీగ చుట్టూ మరో తీగను దగ్గర దగ్గరగా చుడతారు. బరువూ వస్తుంది, వంగే గుణమూ పోదు.

ఈ ఉక్కు తీగ అయస్కాంతం దగ్గర కంపిస్తే, పక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. అమెరికాలో లియో ఫెండర్ 1951లో విడుదల చేసిన బేస్ గిటారుతో ఈ వాద్యం ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు వాడే పెద్ద బేస్ వాద్యానికి మెట్లుండవు. దీనికి మెట్లున్నాయి.

స్కేలు పట్టిన దోషం

మెట్టు మెట్టుకూ తీగ పొడవు సుమారు 17.8వ వంతు చొప్పున తగ్గుతుంది. అలా 12 మెట్లు దిగేసరికి పొడవు సగమవుతుంది. అక్కడ 98 హెర్ట్జ్‌ల తీగ 196 పలకాలి.

మేము కొలిచాం. మెడ కొసన తీగ ఆనే పట్టీనుంచి 12వ మెట్టుకు 43.2 సెంటీమీటర్లు. 12వ మెట్టునుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే దిమ్మకు 42.4 మాత్రమే! ఎవరో దిమ్మను ముందుకు జరిపేశారు. మొత్తం పొడవు 85.6, అందులో సగం 42.8. నొక్కినప్పుడు కంపిస్తున్నది 42.4. కురచ తీగ హెచ్చుగా పలుకుతుంది కదా! 196 రావలసినచోట సుమారు 198 వస్తోంది. కీబోర్డు 196, గిటారు 198 పలికితే తేడా 2. శబ్దం సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. వీటినే విస్పందనాలంటారు. మా కుర్రాడు విన్న ఊగుడు ఇదే.

దిమ్మ వెనకనున్న స్క్రూ తిప్పి దాన్ని వెనక్కి జరిపాం. 43.2 దాటి మరి కాస్త జరపవలసివచ్చింది. ఎందుకంటే మెట్టుమీద నొక్కేటప్పుడు తీగ కొద్దిగా సాగి తన్యత పెరుగుతుంది. ఆ హెచ్చును పొడవుతో సరిదిద్దాలి. జరిపినప్పుడల్లా ఉత్త తీగను మళ్ళీ శ్రుతి చేసుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి నాలుగు తీగలూ కుదిరాయి. ఊగుడు ఆగిపోయింది.

కొనేముందు, వాయించేముందు

గిటారు కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. వడ్రంగి పలకను చూసినట్లు ఒక కన్ను మూసి మెడ వెంబడి చూడండి. మెలి ఉంటే వద్దు. ప్రతి మెట్టుమీదా ప్రతి తీగనూ నొక్కి మీటండి. ఎక్కడా గరగర రాకూడదు. 12వ మెట్టుకు సరిగ్గా ఎగువన వేలితో తీగను నొక్కకుండా తాకి మీటండి. తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒకటైతే దిమ్మ సరిగా ఉన్నట్లు. ఉద్దానం తీరంలో ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి.

నలుగురు కలిసి వాయించేటప్పుడు ఎవరు ఎవరికి శ్రుతి కలపాలి? హార్మోనియం స్వరాన్ని అక్కడికక్కడ మార్చలేం. గిటారుకు బిరడాలున్నాయి. కనుక మార్చగలిగినవాడే మార్చుకోవాలి. విస్పందనాలు నెమ్మదించి ఆగేదాకా బిరడా తిప్పాలి. ఇందుకు పుట్టుకతో వచ్చిన ప్రతిభ అక్కర్లేదు, ఓపిగ్గా వింటే చాలు.

వార్షికోత్సవంలో మా కుర్రాడు వాయించాడు. మిత్రులు వాడితో మాట్లాడి, ఇప్పుడు తమ గిటార్లు కూడా వాడిచేతే శ్రుతి చేయించుకుంటున్నారు. "నీకు చెవి లేదు" అని ఒకరిని అనే ముందు స్కేలు పెట్టి కొలవడం మంచిది కదా!

చేసి చూడండి

గాలపు నైలాను దారాన్ని బల్ల ఒక కొసన మేకుకు కట్టి, రెండో కొసను బల్ల అంచునుంచి వేలాడదీయండి. దారం కింద రెండు పెన్సిళ్ళు దూరంగా పెట్టండి. కొసకు ఒక లీటరు నీళ్ళ సీసా కట్టి, పెన్సిళ్ళ మధ్య దారాన్ని మీటండి. తర్వాత నాలుగు సీసాలు కట్టి మీటండి. దారం తెగవచ్చు కనుక ముఖం పక్కకు పెట్టుకోండి, పాదాలు సీసాల కింద ఉంచకండి. స్వరంలో ఏం మార్పు వచ్చింది?

ఆలోచించండి

1. 55 హెర్ట్జ్‌ల తీగ పొడవును మూడింట రెండు వంతులకు తగ్గిస్తే పౌనఃపున్యం ఎంత?

2. 12వ మెట్టుమీద నొక్కిన స్వరం, తాకి మీటిన స్వరంకన్నా తక్కువగా ఉంటే దిమ్మను ఎటు జరపాలి?