మోటారు వాహన సంరక్షణము – దారిలో కలుగు చిక్కులు

1888 వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను గృహిణి, తన భర్తయగు కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిలో, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైము పట్టణమునుండి పుట్టింటికి బయలుదేరెను. ఆ దూరము నూరు కిలోమీటర్లకు పైబడినది. అనగా విజయవాడనుండి బందరునకు గల దూరమునకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. అంతకుముందు మోటారుబండిపై అంతదూరము పోయినవారు లేరు. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా ఆమె తన టోపీసూదితో పొడిచి దానిని శుభ్రపఱచెను. ఇంధనము చాలకపోగా మందుల అంగడిలో కొని పోసెను. బ్రేకుదిమ్మలు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు వేయించెను. ఇట్లు మోటారుబండి చేసిన మొదటి దూరప్రయాణమే మొదటి మరమ్మతు పాఠము కూడ అయినది.

మన ప్రాంతమువారికిని ఇట్టి యుపాయము క్రొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు దొరకనపుడు బస్సులకు బొగ్గుగ్యాసు పొయ్యిలు తగిలించి నడపిరి. నేడు కలకత్తా–మద్రాసు మార్గమును, హైదరాబాదు–బందరు మార్గమును మన నగరముననే కలియుచున్నవి. లారీల మరమ్మతునకు పేరుపడిన ఆటోనగరు మనకు చేరువనే యున్నది. ఇంతమంది పనివారుండగా ఈ విద్య మనకేల యని కొందఱు అడుగవచ్చును. బండి ఆటోనగరు ముందే చెడిపోవునని నియమము లేదుగదా! అది రాత్రివేళ అవనిగడ్డ దారిలో కాలువగట్టుపై చెడిపోవచ్చును. అప్పుడు మనకు తోడు మన తెలివియే.

విద్యార్థులారా! ఈ పాఠము బండి నడపుమని చెప్పునది కాదు. పదునెనిమిది యేండ్లు నిండనివారు కారు నడపరాదు. 2019 లో సవరింపబడిన చట్టము ప్రకారము బాలుడు నడపి నేరము చేసినచో తండ్రికిగాని సంరక్షకునికిగాని 25,000 రూపాయల జుల్మానాయు, మూడు సంవత్సరముల వఱకు కారాగారమును విధింపవచ్చును. నడపకున్నను, ఇంటిబండిని పరీక్షించు పని మీరు చేయదగినదే.

1. నిత్యపరీక్ష

ఉదయమున ఇంజను చల్లగా నున్నపుడు బండిని సమతలమున నుంచి, ఆయిలు కొలుచు కడ్డీని తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి తీయుడు. తడి రెండు గుర్తుల నడుమ నుండవలెను. పిమ్మట కూలెంటు, బ్రేకు ఆయిలు డబ్బాలలోని మట్టమును, నాలుగు టైర్ల గాలిని, దీపములను చూడుడు. రాత్రి బండి నిలిచిన నేలను గూడ పరిశీలింపుడు. నల్లని జిడ్డు మరక ఇంజనాయిలును, రంగుగల నీరు కూలెంటును కారుచున్నట్లు తెలుపును. చల్లదనపు యంత్రమునుండి కారు తేటనీటివలన భయము లేదు. పొలముల చేరువనున్న యిండ్లలో ఎలుకలు బానెట్టు క్రింద చేరి తీగలు కొఱుకును గనుక అచ్చటను ఒకసారి చూడవలెను. ఈ పనికంతకు పది నిమిషములు చాలును.

2. ఇంజను వేడెక్కుట

రోహిణికార్తె యెండలో ఈ చిక్కు మిక్కిలి సామాన్యము. ఉష్ణమును తెలుపు ముల్లు ఎఱ్ఱగీతను చేరినను, బానెట్టునుండి ఆవిరి వచ్చినను, బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. "ఇంక రెండు మైళ్లే గదా" యని నడపినవారు ఇంజనునే పోగొట్టుకొందురు. రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచే నూరు డిగ్రీలు దాటినను పొంగక నిలిచియుండును. మూత వదలుకాగానే ఒత్తిడి తగ్గి, ఒక్కపెట్టున ఆవిరియై ముఖముపై చిమ్మును. అరగంటకు తక్కువ గాకుండ ఆగి, చల్లబడిన పిమ్మట దళసరి గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. వేడి ఇంజనుపై చన్నీళ్లు గుమ్మరింపరాదు, లోహము పగులవచ్చును. కాలువనీరు పోయుట మరమ్మతుచోటు చేరువఱకు మాత్రమే; తరువాత దానిని తీసివేసి తగిన కూలెంటు నింపవలెను.

3. చక్రములు

గాలి యెక్కువైనపుడే టైరు పగులునని పలువురి నమ్మకము. గాలి తక్కువైనను ప్రమాదమే. మెత్తని టైరు ప్రక్కలు మాటిమాటికి వంగి లేచుచు లోలోన కాగి, వేసవిలో వేగముగా పోవునపుడు పగిలిపోవును. కావున టైరు చల్లగా నున్నపుడే గాలి కొలిపింపవలెను. టైరుపై గాడి 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో దానిని మార్పవలెను. నడచుచుండగా టైరు పగిలినచో బ్రేకును గట్టిగా త్రొక్కక, స్టీరింగును రెండుచేతుల బిగబట్టి, వేగమును దానంతట తగ్గనిచ్చి ప్రక్కకు తీయవలెను.

చక్రము మార్చునపుడు చేతిబ్రేకు వేసి, ఎదుటిమూల చక్రమునకు రాయి అడ్డము పెట్టి, చక్రము నేలపై నుండగనే నట్లను కొంచెము వదలుచేయవలెను. ఆ పిమ్మటనే జాకీ. బురదనేలయైనచో జాకీ క్రింద చెక్కపలక నుంచవలెను. బండి క్రిందికి దూరరాదు. నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. మనము స్టెప్నీ యని పిలుచు అదనపు చక్రమునకు ఆ పేరు వేల్సు దేశమున లనెల్లి పట్టణపు వీధి పేరునుండి వచ్చినది. 1904 లో అచ్చటివారే దానిని కల్పించిరి. గాలిలేని స్టెప్నీ ఉన్నను లేనట్లే.

4. బ్యాటరీ, బ్రేకు

తాళము త్రిప్పగా టకటకమను చప్పుడు మాత్రమే వచ్చుచు దీపములు మసకబారినచో సాధారణముగా బ్యాటరీ నీరసించినదని యెఱుగవలెను. బందరు మొదలగు తీరప్రాంతములలో ఉప్పుగాలిచే దాని కొనలకు చిలుము పట్టుటయు కలదు. మరియొక బండినుండి శక్తి తీసికొనునపుడు ఎఱ్ఱతీగను మొదట నీరసించిన బ్యాటరీ ధనధ్రువమునకును, తరువాత మంచి బ్యాటరీ ధనధ్రువమునకును తగిలింపవలెను. నల్లతీగ యొక కొన మంచి బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవకొన చెడిన బండి ఇంజనులోని ఉత్తలోహమునకును తగిలింపవలెను. బ్యాటరీ చెంత నిప్పురవ్వ పుట్టకుండుటకే ఈ యేర్పాటు. తీయునపుడు క్రమము తలక్రిందుగా నుండవలెను.

బ్రేకు త్రొక్కగా పట్టనిచో పలుమాఱులు వడిగా త్రొక్కుచు, గేరు తగ్గించుచు, చేతిబ్రేకును కొంచెముకొంచెముగా లాగవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక రెండేండ్ల కొకమాఱు మార్పించుట మేలు.

5. గడ్డి

కోతలకాలమున మన గ్రామములలో వరి, మినుము మొదలగు పంటలను రోడ్డుపై పఱచుట కలదు. వానిపై పోవునపుడు గడ్డి యిరుసులకు చుట్టుకొని, సైలెన్సరు వేడిచే అంటుకొని, బండ్లు తగులబడుచున్నవి. గడ్డి దాటగానే ఆగి, క్రింద చూచి, చిక్కిన దానిని లాగివేయవలెను. పొగ కనబడినచో బండి ఆపి, అందఱును దిగి, దూరముగా పోవలెను. బానెట్టు పూర్తిగా తెఱచినచో గాలి తగిలి మంట పెరుగును.

6. వరదనీరు

2024 సెప్టెంబరు 1 వ తేదీన బుడమేరు పొంగి సింగునగరు మొదలగు ప్రాంతములను ముంచెను. మరునాడు ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణయందు 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు ప్రవహించెను. వేలకొలది వాహనములు నీటిలో నానినవి. మా బండియు అందులో నొకటి. నీరు తీసిన పిమ్మట బురద కడిగి, ఆత్రముచే మేము తాళము త్రిప్పితిమి. ఒక్క పెద్ద శబ్దము వినబడెను, అంతటితో సరి. గాలిని అణచి చిన్నది చేయవచ్చును గాని నీటిని అట్లు చేయజాలము. సిలిండరులో నిలిచిన నీటిని పిస్టను నొక్కజూడగా, దానిని మోయు కడ్డీ వంగిపోయినది. ఈ సూత్రమును తరగతిలో పలుమాఱులు చెప్పియు, మా బండి వద్ద మఱచితిమి! ఇంజను రక్షణ ప్రత్యేకముగా చేర్పని బీమాలో ఇట్టి నష్టము సాధారణముగా చెల్లింపబడదు.

కావున మునిగిన బండిని త్రిప్పక, ఛాయాచిత్రములు తీసి, బ్యాటరీ తీగ విప్పించి, మరమ్మతుచోటికి లాగించుకొని పోవలెను. విద్యుత్తు బండియైనచో నారింజరంగు తీగలను ముట్టనేరాదు. పాఱు నీటిలోనికి బండిని దింపరాదు. నీటిలో ఆగిపోయినచో మరల నడపజూడక దిగి రావలెను. బండి పోయినను తెచ్చుకొనవచ్చును.

7. దారిలో నిలిచినపుడు

చెడిన బండికంటె దానిని వెనుకనుండి గ్రుద్దు లారీ అపాయకరము. హెచ్చరిక దీపములు వేసి, ఎఱ్ఱ త్రికోణమును ఏబదిమీటర్ల వెనుక నుంచి, పిల్లలను పెద్దలను రోడ్డుకు దూరముగా నిలుపవలెను. జాతీయమార్గములపై సహాయమునకు 1033, గాయపడినవారికొఱకు 108 సంఖ్యలను పిలువవలెను.

దివిటీలతోపాటు నూనె తెచ్చుకొనిన కన్యకల కథ మన బడిలో వినని వారు లేరు. వారి తెలివి నూనె కొనుటలో గాదు, వేళకు ముందే కొనుటలో నున్నది. రేపు ఉదయము మీ యింటిబండి ఆయిలు కడ్డీని తీసి చూచి, మీ తండ్రిగారికి మట్టము చెప్పుడు. ఈ పాఠమునకు పరీక్ష అదియే.