మార్గళి కచేరీ, సభాకంపం

ప్రశ్న: ఇంట్లో చక్కగా పాడే చెన్నై విద్యార్థినికి, డిసెంబరులో మార్గళి మాసపు కచేరీ వేదిక ఎక్కగానే గొంతు ఎండిపోయి శ్రుతి జారుతుంటే ఏం చేయాలి?

జవాబు: దీన్ని సభాకంపం అంటారు, పదిమంది తనను బేరీజు వేస్తున్నారన్న భావన కలగగానే శరీరం అడ్రినలిన్ అనే హార్మోనును విడుదల చేయగా, గుండె వేగం పెరిగి, లాలాజలం తగ్గి, ఊపిరి పైపైనే ఆడుతుంది కనుక, తారషడ్జంపై స్వరాన్ని కదలకుండా నిలపడం కష్టమవుతుంది. ఇది సాధనలోపం కాదని గురువులూ తల్లిదండ్రులూ తప్పక గుర్తించాలి; కచేరీ ముందురోజు మందలింపులు భయాన్ని పెంచుతాయే తప్ప పాటను బాగుచేయవు.

కర్ణాటక సంగీత గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ ప్రాచుర్యంలోకి తెచ్చిన కచేరీ పద్ధతి ఇక్కడ ఎంతో తోడ్పడుతుంది: ఏళ్ల తరబడి పాడి నోటికి పట్టిన వర్ణంతో ఆరంభిస్తే, దాన్ని రెండు కాలాల్లో పాడేసరికి గొంతు వేడెక్కి ఊపిరి నిలకడకు వస్తుంది. తంబుర మొదలయ్యాక, పీల్చినదానికంటే నెమ్మదిగా ఊపిరి విడవడం, కచేరీకి ముందునుంచే బంధువులను కూర్చోబెట్టుకుని, మృదంగం తోడుగా, తప్పు దొర్లినా ఆగకుండా పాడటం అలవరచుకోవాలి. హార్వర్డ్‌కు చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమకు ఉత్సాహంగా ఉందని పైకి చెప్పుకున్నవారు పాటలోనూ ప్రసంగంలోనూ మెరుగ్గా రాణించారు. ప్రొప్రనొలోల్ వంటి మాత్రలు వణుకును తగ్గించినా, ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం కనుక, వైద్యుని సలహా లేకుండా వాడరాదు.