కెనడాలో ప్రావిన్సుల నామినేషను పద్ధతి : ఒక పరిశీలన

ప్రతి సంవత్సరము మన కళాశాల నుండి పట్టభద్రులై వెళ్లుచున్న విద్యార్థులలో విదేశములకు పోవలెనను కోరిక గలవారు చాలమంది ఉన్నారు. ఒక తరము క్రిందట మన ఇండ్లలో విదేశమనగా సౌదీ, దుబాయి, కువైటులే. నేడు ఆ వరుసలో కెనడా కూడ చేరినది. కెనడా మాట వచ్చిన చోట ‘పి.ఎన్.పి.’ అను మూడక్షరములు తప్పక వినిపించును. ప్రొవిన్షియల్ నామినీ ప్రోగ్రాము అనునది దాని పూర్తి పేరు. దీనిని కొందరు లాటరీ యనుకొనుచున్నారు. కొందరు దొడ్డిదారి యనుకొనుచున్నారు. మరికొందరు సొమ్ము చెల్లించి కొనదగిన కాగితమని నమ్ముచున్నారు. ఈ మూడును పొరపాటు అభిప్రాయములే. వీటిని నమ్మి ఇండ్లు తాకట్టు పెట్టినవారు, తల్లి నగలు కుదువ పెట్టినవారు మన చుట్టును ఉన్నారు. కనుక ఈ పద్ధతి ఎట్లు పుట్టినది, ఎట్లు నడుచుచున్నది, అభ్యర్థి నుండి ఏమి కోరుచున్నది అను విషయములను, మానిటోబా ప్రావిన్సును ముఖ్య ఉదాహరణగా తీసికొని, ఇక్కడ వివరింప యత్నించెదము.

రాజ్యాంగములో మూలము

మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో పౌరసత్వము, పాస్‌పోర్టులు, వీసాలు కేంద్ర జాబితాకు చెందినవి. ఒక విదేశీయుని తన రాష్ట్రమునకు ఎన్నుకొను అధికారము మన రాష్ట్ర ప్రభుత్వములకు లేదు. కెనడాలో ఏర్పాటు వేరు. 1867 నాటి రాజ్యాంగ చట్టములోని 95వ సెక్షను వ్యవసాయమును, వలసను ఒకేచోట చేర్చి, రెండింటిపైనను కేంద్రమునకును ప్రావిన్సులకును కూడ అధికార మిచ్చినది. ఆనాడు వలస వచ్చువాడనగా బీడు భూమిని సాగుచేయువాడని అర్థము; కనుకనే ఆ రెండు విషయములు జంటగా నిలిచినవి. రెండు ప్రభుత్వముల చట్టములకు వైరుధ్యము కలిగినచో కేంద్ర చట్టమే నిలుచును.

ఆ దేశములో పది ప్రావిన్సులు, మూడు టెరిటరీలు ఉన్నవి. ఫ్రెంచి భాషీయులు అధికముగా గల క్విబెక్ 1978లోను, మరల 1991లోను కేంద్రముతో ప్రత్యేక ఒప్పందములు చేసికొని తన వలసదారులను తానే ఎన్నుకొనుచున్నది. అది నామినీ పద్ధతిలో చేరలేదు. నునావుట్ టెరిటరీకి కూడ ఈ పద్ధతి లేదు. మిగిలిన తొమ్మిది ప్రావిన్సులు, రెండు టెరిటరీలు దీనిని అమలు జరుపుచున్నవి.

వెనుకటి చరిత్ర

ఆ దేశపు తలుపులు మనవారికి ఎల్లప్పుడు తెరచి యుండలేదు. బయలుదేరిన దేశము నుండి ఎక్కడను ఆగక నేరుగా వచ్చినవారినే దిగనిచ్చెదమని 1908లో ఒక నియమము చేసిరి. భారతదేశము నుండి అట్టి నేరు ప్రయాణము ఆనాడు సాధ్యము కాదు గనుక అది పేరు చెప్పక పెట్టిన నిషేధమే. 1914లో కొమగాటా మారు అను ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవరు రేవు చేరినది. వారిలో అధికులు సిక్కులు. ముస్లిములు, హిందువులు కూడ ఉండిరి. కొలదిమందిని తప్ప తక్కిన వారినెల్ల వెనుకకు పంపివేసిరి. ఆ చర్యకు కెనడా ప్రధాని 2016లో పార్లమెంటులో క్షమాపణ చెప్పవలసి వచ్చినది. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చిన పిమ్మటనే పుట్టిన దేశమును గాక చదువు, భాష, పని అనుభవములను లెక్కించుట స్థిరపడినది.

అయితే పాయింట్ల పద్ధతి వలన మరియొక చిక్కు ఏర్పడినది. వచ్చినవారిలో అధికభాగము టొరాంటో, వాంకూవరు, మాంట్రియల్ మహానగరములలోనే స్థిరపడిరి. లోతట్టు ప్రావిన్సులలో పల్లెలు పలుచబడుచుండెను. కర్మాగారములకు చేతులు చాలకుండెను. కేంద్రము వేసిన పాయింట్లలో పట్టభద్రునికి విలువ యున్నది గాని, మానిటోబా రాజధాని విన్నిపెగులోని దుస్తుల మిల్లుకు కావలసిన కుట్టుపనివానికి విలువ లేదు. ఈ కొరతయే నామినీ పద్ధతికి జన్మనిచ్చినది. మానిటోబా 1996లో కేంద్రముతో వలస ఒప్పందము చేసికొని, కుట్టుమిషను పనివారిని రప్పించుటతో ప్రయోగము మొదలిడినది. 1998లో నామినీ పద్ధతి క్రమబద్ధముగా ఏర్పడినది. తరువాత ఇతర ప్రావిన్సులును ఆ మార్గమునే అనుసరించినవి.

రెండు ద్వారములు

ఈ పద్ధతిలో అభ్యర్థి రెండు ద్వారములు దాటవలెను. ఈ సంగతి తెలియకపోవుటయే సగము అనర్థములకు మూలము.

మొదటి ద్వారము ప్రావిన్సుది. అభ్యర్థి తన వయస్సు, చదువు, భాషా పరీక్ష ఫలితము, పని అనుభవము, ఆ ప్రావిన్సుతో గల సంబంధము తెలుపుచు ఆసక్తి పత్రము సమర్పించును. ప్రావిన్సు తన అవసరములను బట్టి కొందరిని పిలుచును. పిలుపు వచ్చినవారు పూర్తి దరఖాస్తును ఆధారములతో పంపవలెను. తృప్తి కలిగినచో ప్రావిన్సు నామినేషను పత్రమిచ్చును. అది వీసా కాదు. శాశ్వత నివాస హక్కు అంతకన్న కాదు. “ఈ వ్యక్తి మాకు కావలెను” అని ఒక ప్రభుత్వము మరియొక ప్రభుత్వమునకు వ్రాసిన సిఫార్సు మాత్రమే.

రెండవ ద్వారము కేంద్రముది. వైద్య పరీక్ష, పోలీసు ధ్రువపత్రము, భద్రతా విచారణ, పత్రముల సత్యాసత్యములు ఇక్కడ పరిశీలింపబడును. తుది నిర్ణయము కేంద్రాధికారిదే. నామినేషను వచ్చిన పిమ్మట కూడ ఇక్కడ తిరస్కరింపబడవచ్చును.

నామినేషనులు రెండు విధములు. 2015 జనవరి 1 నుండి అమలులోనున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అను కేంద్ర పద్ధతితో ముడిపడినవి ఒక విధము. అందు గరిష్ఠ మొత్తము 1,200 పాయింట్లు కాగా, నామినేషను ఒక్కటే 600 పాయింట్లు తెచ్చిపెట్టును. ఆ పద్ధతికి వెలుపల నడుచునవి రెండవ విధము. వీటికి సాధారణముగా ఎక్కువ కాలము పట్టును.

మానిటోబాలో నైపుణ్యము గల పనివారికి, అక్కడి విద్యాసంస్థలలో చదివినవారికి, వ్యాపారులకు వేర్వేరు శాఖలు కలవు. వెలుపలి దేశము నుండి నేరుగా దరఖాస్తు చేయువానికి ఆ ప్రావిన్సుతో ఏదో ఒక నిజమైన బంధముండవలెను: దగ్గరి బంధువో, మిత్రుడో, పూర్వపు చదువో, ఉద్యోగమో. మరియొక విశేషమేమనగా, అభ్యర్థికి వేరొక ప్రావిన్సులో దగ్గరి బంధువులున్నను, అక్కడ చదివియున్నను, అక్కడ పనిచేసియున్నను మానిటోబా లెక్కలో పాయింట్లు తగ్గును. ఎందుకనగా అట్టివాడు నేడో రేపో అటు వెళ్లిపోవునని దాని అనుమానము. ప్రావిన్సు వెదకుచున్నది తెలివిగలవానిని మాత్రమే కాదు, నిలిచియుండువానిని కూడ.

ఏటేటా మారు సంఖ్యలు

ఎందరిని నామినేట్ చేయవచ్చునో ప్రావిన్సు స్వయముగా నిర్ణయించుకొనజాలదు. కేంద్రము ప్రతి సంవత్సరము ఒక సంఖ్యను ప్రకటించును. ఈ మార్గమున కుటుంబములతో సహా చేర్చుకొనవలసినవారి లక్ష్యము 2024 సంవత్సరమునకు 1,10,000. 2025కు అది ఒక్కసారిగా 55,000కు తగ్గినది. 2025 నవంబరులో ప్రకటించిన ప్రణాళిక ప్రకారము 2026కు 91,500. మూడు సంవత్సరములలో ఇన్ని మార్పులు! 2023లో అప్పుచేసి చదువుకు వెళ్లిన విద్యార్థి పట్టా చేతికి వచ్చునప్పటికి, తాను లెక్కవేసికొన్న ద్వారము సగము మూసియుండుట చూచెను.

విద్యార్థి వీసాల సంగతియు ఇట్టిదే. 2024 జనవరిలో వాటి సంఖ్యకు పరిమితి విధించిరి. ట్యూషను ఫీజు, ప్రయాణ వ్యయము గాక, ఒంటరి విద్యార్థి జీవన వ్యయమునకు చూపవలసిన మొత్తము 2024 జనవరి 1 నుండి 20,635 డాలర్లకు, 2025 సెప్టెంబరు 1 నుండి 22,895 డాలర్లకు పెరిగినది. చదువు ముగిసిన తరువాత పనిచేయుటకిచ్చు పర్మిటు అన్ని కళాశాలలకు, అన్ని కోర్సులకు వర్తింపదు. చేరుటకు ముందే ఈ సంగతి కెనడా ప్రభుత్వ ప్రకటనలలో చూచుకొనవలెను. నిరుటి నియమమును నమ్మి ఈ యేడు అప్పు చేయుట వివేకము కాదు.

ఇచ్చిన మాట

ఇప్పుడు ఈ వ్యాసమునకు ప్రాణమైన విషయమునకు వచ్చుచున్నాము. నామినేషను కోరువాడు ఆ ప్రావిన్సులోనే నివసింపదలచినట్లు తెలుపవలెను. కేంద్ర నిబంధనలలోను ఈ షరతు ఉన్నది. కాని 1982 నాటి హక్కుల పత్రములోని 6వ సెక్షను పౌరులకును, శాశ్వత నివాసులకును ఏ ప్రావిన్సుకైనను వెళ్లి నివసించి జీవనోపాధి వెదకుకొను హక్కునిచ్చినది. కనుక శాశ్వత నివాసము లభించిన పిమ్మట ఒకడు విన్నిపెగు విడిచి టొరాంటో చేరినచో చట్టము వానిని సంకెల వేసి ఆపదు.

దీనిని ఆధారము చేసికొని కొందరు, “ఏదో ఒక ప్రావిన్సు పేరు వ్రాయుము; దిగిన మరునాడే నీ ఇష్టము” అని యువకులకు బోధించుచున్నారు. ఇందులో రెండు ప్రమాదములున్నవి. ఒకటి చట్ట సంబంధమైనది. పరిస్థితులు మారి తరువాత వెళ్లుట వేరు. మొదటి నుండియు ఉండు తలంపు లేకయే ఉండెదనని వ్రాయుట వేరు. రెండవది తప్పుడు ప్రకటన యగును. తప్పుడు ప్రకటన రుజువైనవాడు 5 సంవత్సరముల పాటు ఆ దేశ ప్రవేశమునకు అనర్హుడు. రెండవ ప్రమాదము ధర్మ సంబంధమైనది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండు వంటి చిన్న ప్రావిన్సులకు నామినీలుగా వచ్చి పెద్ద నగరములకు తరలిపోయినవారు అనేకులు. అట్టి అనుభవముతో ప్రావిన్సులు కఠినమగుచున్నవి. తమ గడ్డపై ముందే చదివినవారిని, పనిచేసినవారిని ఎక్కువగా నమ్ముచున్నవి. ఒకడు మాట తప్పినచో, నిజముగా అక్కడ స్థిరపడదలచిన మరియొకనికి తలుపు ఇరుకగుచున్నది. ఆ మరియొకడు మన కళాశాల విద్యార్థియే కావచ్చును.

మోసముల విషయము

రుసుము తీసికొని కెనడా వలస విషయమున సలహా యిచ్చుటకును, ప్రతినిధిగా వ్యవహరించుటకును ఆ దేశ చట్టము న్యాయవాదులు, క్విబెక్ నోటరీలు, లైసెన్సు గల కన్సల్టెంట్లు మొదలగు అధీకృతులకు మాత్రమే అనుమతి నిచ్చుచున్నది. కన్సల్టెంట్లకు లైసెన్సులిచ్చు నియంత్రణ సంస్థ 2021 నవంబరు నుండి పనిచేయుచున్నది. లైసెన్సు గలవారి పేర్లు దాని పట్టికలో ఎవరైనను చూడవచ్చును. అసలు ఏ ప్రతినిధియు తప్పనిసరి కాదు. ఇంగ్లీషు చదివి అర్థము చేసికొనగల పట్టభద్రుడు తన ఫారములు తానే నింపుకొనవచ్చును.

2023లో బయటపడిన ఒక వ్యవహారము మనకు గుణపాఠము. నకిలీ ప్రవేశ పత్రములపై కెనడా చేరిన భారతీయ విద్యార్థులు కొందరు, చదువు ముగించి శాశ్వత నివాసమునకు దరఖాస్తు చేసినప్పుడు, ఆ పత్రములు నకిలీవని తేలి దేశము విడువవలసిన ప్రమాదములో పడిరి. పత్రము సృష్టించినవాడు ఏజెంటు. సంతకము మాత్రము విద్యార్థిది. నిర్దోషులని తేలినవారికి తరువాత ఊరట కలిగినను, వారు పడిన వేదన చిన్నది కాదు. దరఖాస్తులోని ప్రతి అక్షరమునకు సంతకము చేసినవాడే బాధ్యుడు. చదువక సంతకము చేయరాదు.

మరియొక భ్రమను కూడ తొలగింపవలెను. నామినేషను వృత్తి లైసెన్సు కాదు. నర్సు, ఫార్మసిస్టు, ఉపాధ్యాయుడు, ఇంజనీరు మొదలగువారు ఆయా ప్రావిన్సు వృత్తి సంస్థల అనుమతి వేరుగా పొందవలెను. దానికి పట్టు కాలమును, వ్యయమును ముందే లెక్కించుకొనవలెను.

అక్కడి జీవనము

విన్నిపెగులో చలికాలపు రాత్రులు మైనస్ 30 డిగ్రీల వరకు పోవుట కలదు. వేసవిలో పగలు 16 గంటలు దాటును; రంజాన్ ఆ నెలలలో వచ్చినప్పుడు ఉపవాసము ఎంత దీర్ఘమో ఊహించుకొనవచ్చును. అయినను ఆ దేశమున మన మత జీవనమునకు చోటు లేకపోలేదు. ఎడ్మంటన్ నగరములో అల్ రషీద్ మసీదు 1938లోనే వెలసినది. ఉత్తర ధ్రువ వృత్తమునకు పైనున్న ఇనువిక్ పట్టణపు ముస్లిములకు మసీదు లేకపోగా, విన్నిపెగులో ఒక చిన్న మసీదును నిర్మించి, లారీపైనను, పడవపైనను నాలుగువేల కిలోమీటర్లు తరలించి 2010లో అక్కడ నిలిపిరి. కొద్దిమంది జనము గల ఊరిలో నిలిచిపోవుటకు నిశ్చయించుకొన్నవారు చేసిన పని యిది. నిలిచినవారికే మసీదు గాని, గుడి గాని, బడి గాని సమకూరును.

ముగింపు

నామినేషను లాటరీ కాదు, దొడ్డిదారి కాదు, అంగడి సరకు కాదు. అది ఒక ప్రాంతపు అవసరమునకును, ఒక వ్యక్తి యోగ్యతకును నడుమ కుదిరిన ఒడంబడిక. ఉర్దూ చదువుకొను మన విద్యార్థులకు ‘అమానత్’ అను మాట క్రొత్త కాదు; నమ్మి అప్పగించిన సొత్తును చెక్కుచెదరకుండ కాపాడుట దాని భావము. తెలుగువారు దీనినే మాట నిలుపుకొనుట యందురు. ప్రావిన్సు ఇచ్చు నామినేషను అట్టి అమానతే.

విద్యార్థులారా! వెళ్లదలచినవారు వెళ్లవచ్చును; వెళ్లుటలో తప్పులేదు. కాని ఏ ఊరికి, ఏ పనికి, ఎంత అప్పుతో, ఏ మాట యిచ్చి వెళ్లుచున్నారో మీకును, మీ తల్లిదండ్రులకును స్పష్టముగా తెలియవలెను. ఇక కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపమొక్కటి. గ్రంథాలయములో ఒక బల్లను, ఒక కంప్యూటరును, ప్రతి మూడు నెలలకు సరిచూచి వ్రాసిన అధికారిక నియమముల ఫైలును తెలుగు, ఉర్దూ భాషలలో ఏర్పాటు చేయింపవలెనని కోరుచున్నాము. దాని వ్యయము స్వల్పము. ఆ బల్ల వద్ద ఒక్క తండ్రి కూర్చుండి చదివి, అబద్ధపు వాగ్దానము నమ్మి తన ఇంటిని తాకట్టు పెట్టకుండ ఆగినచో, ఆ వ్యయము నాడే తీరినట్లు.