గాలి స్టేప్లర్ ట్రిగ్గర్: పని నేర్చుకునే చేతికి ఏది క్షేమం?



పని నేర్చుకున్న యువకుడికి కుట్టు మిషనో, వెల్డింగ్ సెట్టో, సోఫా పని కిట్టో కొనిపెట్టడం మనలో చాలామందికి ఇష్టమైన సాయం. ఒక్కసారి ఇచ్చిన పనిముట్టు ఏళ్ల తరబడి ఒక ఇంటికి అన్నం పెడుతుంది. సోఫా పని కిట్టులో ముఖ్యమైనది గాలితో నడిచే స్టేప్లర్. దాన్ని కొనేటప్పుడు ధర, కంపెనీ, పిన్ను సైజు అడుగుతాం. ట్రిగ్గర్ ఏ పద్ధతిలో పనిచేస్తుందని మాత్రం తరచుగా అడగం. పనివాడి వేళ్లు, కళ్లు ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉన్నాయి.

నాలుగు పద్ధతులు

కంప్రెసర్ నుంచి వచ్చే గాలి లోపలి పిస్టన్‌ను తోస్తుంది. దాని చివరనున్న బ్లేడు పిన్నును చెక్కలోకి దింపుతుంది. ఈ దెబ్బ ఎప్పుడు పడాలో నిర్ణయించేది ట్రిగ్గర్.

1. వరుస పద్ధతి, అంటే సీక్వెన్షియల్: ముందు గన్ ముక్కును చెక్కకు ఆనించి నొక్కాలి, ఆ తర్వాతే ట్రిగ్గర్ లాగాలి. ఒక్క పిన్నే దిగుతుంది. పూర్తి వరుస పద్ధతిలో రెండో పిన్ను కావాలంటే రెండింటినీ వదిలి మళ్లీ మొదలుపెట్టాలి.

2. తాకిడి పద్ధతి, అంటే కాంటాక్ట్: ట్రిగ్గర్ లాగి పట్టుకుని ఉంటే, ముక్కు తగిలిన ప్రతిసారీ పిన్ను దిగుతుంది. అది తగిలింది చెక్కకా, మోకాలికా అన్నది గన్‌కు తెలియదు. దెబ్బకు గన్ ఎగిరి మళ్లీ తగిలితే, కోరని రెండో పిన్ను కూడా పడుతుంది.

3. ట్రిగ్గర్ ఒక్కటే: సోఫా పనికి వాడే తేలికపాటి గన్‌లలో చాలావాటికి ముక్కు దగ్గర రక్షణ మీట ఉండదు. ట్రిగ్గర్ లాగితే చాలు, గాలిలోకైనా పిన్ను దూసుకుపోతుంది.

4. ఆటో: ట్రిగ్గర్ పట్టుకున్నంతసేపూ పిన్నులు వరుసగా పడుతూనే ఉంటాయి.

ఎవరికి ఏది?

కొత్తగా నేర్చుకునేవారికి వరుస పద్ధతి మేలు. నిచ్చెన మీద, ఇరుకు చోట, ఒక చేత్తో పని పట్టుకునేటప్పుడు అనుభవజ్ఞులకూ అదే మేలు. తాకిడి పద్ధతి గన్‌లను నిచ్చెనల మీద, పరంజాల మీద చోటు మారుతూ చేసే పనికి, పెట్టెలు మూసే పనికి వాడరాదని యూరప్ భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. చదునైన బల్ల మీద ఒకే రకం పని వందలసార్లు చేసే అనుభవజ్ఞుడికి మాత్రమే అది తగినది. ఆటో పద్ధతి కూడా అంతే: పొడవైన అంచు మీద, రెండో చేయి దూరంగా ఉన్నప్పుడే వాడాలి.

“వరుస పద్ధతి ఆలస్యం కదా” అని పనివారు అంటారు. అమెరికా కార్మిక భద్రతా శాఖ 2011లో మేకుల గన్‌లపై ఒక మార్గదర్శిని ప్రచురించింది. తాకిడి పద్ధతిలో గాయాల ముప్పు వరుస పద్ధతి కన్నా రెట్టింపని అందులో ఉంది. తాకిడి పద్ధతిలో మేకులు కొట్టే సమయం సుమారు 10 శాతం కలిసొచ్చినా, మొత్తం నిర్మాణ సమయంలో అది 1 శాతం కూడా కాదని తేలింది. అది మేకుల గన్ లెక్కే అయినా, స్టేప్లర్ ట్రిగ్గర్ నడిచేదీ అదే తీరున. వేలికి పిన్ను దిగి వారం రోజులు పని ఆగితే, రోజుకూలీ కుటుంబానికి ఆ కలిసొచ్చిన నిమిషాలు ఏ మూలకూ సరిపోవు.

పరీక్షించే తీరు

గన్ వరుస పద్ధతిదో కాదో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. గాలి పైపు తీసి, పిన్నులన్నీ బయటికి తీసేయండి. కళ్లద్దాలు పెట్టుకుని పైపు తగిలించండి. ట్రిగ్గర్ ముట్టకుండా ముక్కును చెక్కకు నొక్కండి: గన్ కొట్టకూడదు. ముక్కు ఆనించకుండా ట్రిగ్గర్ లాగండి: కొట్టకూడదు. ట్రిగ్గర్ లాగి పట్టుకుని ముక్కును ఆనించండి: అప్పుడూ కొట్టకూడదు. ముందు ముక్కు ఆనించి, తర్వాత ట్రిగ్గర్ లాగితేనే ఒక్కసారి కొట్టాలి. మూడో పరీక్షలో కొట్టిందంటే అది వరుస పద్ధతి గన్ కాదు, లేదా ట్రిగ్గర్ పాడైంది.

ఎప్పుడూ మరవకూడనివి

పద్ధతి మార్చేముందు, ఇరుక్కున్న పిన్ను తీసేముందు, గన్ మరొకరి చేతికి ఇచ్చేముందు గాలి పైపు తీయాలి. గన్ పట్టుకుని నడిచేటప్పుడు ట్రిగ్గర్ మీద వేలు ఉండకూడదు. రక్షణ మీటను తీగతో కట్టేయడం, ఊడదీయడం నిషిద్ధం. గాలి ఒత్తిడి గన్ మీద రాసిన హద్దు దాటకూడదు. ఆక్సిజన్ సిలిండర్‌గానీ, మరే గ్యాస్ సిలిండర్‌గానీ తగిలించకూడదు, గన్ పేలిపోతుంది.

దాతలకు మా విన్నపం

కిట్టు కొనేటప్పుడు దుకాణంలో మూడు మాటలు అడగండి: ట్రిగ్గర్ ఏ పద్ధతి? వరుస పద్ధతికి మార్చుకునే వీలుందా? ఆ కంపెనీ విడిభాగం దొరుకుతుందా? రక్షణ మీట లేని గన్ తప్ప మరొకటి పనికి కుదరకపోతే, ఆటో లేనిదే ఎంచుకోండి. గన్‌తోపాటు ఒక జత రక్షణ కళ్లద్దాలు తప్పక ఇవ్వండి. ట్రిగ్గర్ పద్ధతిని తెలుగులో, ఉర్దూలో ఒక చీటీ మీద రాసి గన్‌కు అంటించండి. మీరిచ్చిన సొమ్ము అమానత్. దాన్ని అందుకున్న చెయ్యి కూడా అమానతే.