ముందు స్లో నిలబెట్టండి

నర్సీపట్నంలో ఏ బైకు మెకానిక్కు షెడ్డు దగ్గరైనా కాసేపు నిలబడండి. కార్బొరేటరు బండి మీద లంబసింగి ఘాటు ఎక్కి దిగొచ్చిన కుర్రాడు "అన్నా, పికప్పు లేదు, రేసు పెంచు" అంటాడు. మెకానిక్కు యాక్సిలేటరు వైరు ముట్టుకోడు. కార్బొరేటరు పక్కనున్న స్క్రూ మీద స్క్రూడ్రైవరు ఆనించి, చెవి ఇంజను వైపు పెట్టి, "ముందు స్లో నిలబడాల బాబూ, రేసు ఆనక చూద్దాం" అంటాడు.

జీవితంలో ఎదగాలనుకునే కుర్రకారుకు ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు తెలియదు. అది ఎంత లోతైనదో చూడాలంటే మోడల్ విమానాలు కట్టేవాళ్ల బల్ల దగ్గరికి వెళ్లాలి. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరిన పిల్లలకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. ఆల్ ఇండియా వాయుసైనిక్ క్యాంపులో రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేసే పోటీ కూడా ఉంది. మన పిల్లలకు అందని విద్యేమీ కాదది.

ఆ విమానంలో జరిగేది ఇది. మీరు చేతిలోని ట్రాన్స్‌మిటరు మీద స్టిక్కు కదుపుతారు. విమానంలోని రిసీవరు ఆ సంకేతం అందుకుంటుంది. సర్వో అనే చిన్న మోటారు తన చెయ్యి తిప్పుతుంది. ఆ చేతికి బిగించిన సన్నటి స్టీలు రాడ్డు ముందుకో వెనక్కో జరిగి కార్బొరేటరు చేతిని తిప్పుతుంది. లోపలి బ్యారెల్ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. స్టిక్కు మన కోరిక, బ్యారెల్ మన పని అనుకుంటే, రెండింటి మధ్యా ఉన్నది ఆ రాడ్డొక్కటే. తీర్మానాలు విఫలమైనప్పుడు మనం కోరికను తిట్టుకుంటాం. "నాకు పట్టుదల లేదు" అంటాం. నూటికి తొంభై సార్లు పట్టుదల నిక్షేపంగా ఉంటుంది. రాడ్డు తప్పు రంధ్రంలో ఉంటుంది.

బిగించే పద్ధతి చూడండి. అన్నీ ఇంజను ఆపి, చేత్తో చేసే పనులే. స్టిక్కు సరిగ్గా మధ్యలో పెడతారు. అప్పుడు సర్వో చెయ్యి రాడ్డుకు లంబంగా నిలబడాలి, బ్యారెల్ సగం తెరిచి ఉండాలి. స్టిక్కు పైకొస దాకా తోస్తే బ్యారెల్ పూర్తిగా తెరుచుకోవాలి. కింది కొసకు లాగితే సుమారు మిల్లీమీటరు సందు మిగలాలి. ఆ సందే స్లో. అక్కడినుంచి స్టిక్కు పక్కన సన్న సవరణలకుండే ట్రిమ్ కిందికి దించినా, కట్ స్విచ్చు నొక్కినా సందు పూర్తిగా మూసుకుపోయి ఇంజను ఆగాలి. కదలిక చాలకపోతే రాడ్డును సర్వో చేతి మీద బయటి రంధ్రంలోకి మారుస్తారు. ఎక్కువైతే లోపలి రంధ్రంలోకి.

తొందరపడేవాళ్లు ఈ రంధ్రాల పని వదిలేసి, ట్రాన్స్‌మిటరులో ఎండ్ పాయింటు అంకెలు, అంటే సర్వో ఏ కొస దాకా తిరగాలో చెప్పే అంకెలు, పెంచేస్తారు. అప్పుడు బ్యారెల్ పూర్తిగా తెరుచుకున్నాక కూడా సర్వో ఇంకా తోస్తూనే ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా జుయ్‌మని వినిపిస్తుంది. ఆ చప్పుడు వస్తున్నంతసేపూ బ్యాటరీ కరిగిపోతోందని అర్థం. ఇలాంటి గ్లో ఇంజను (వేడి ప్లగ్గుతో ఇంధనం మండే చిన్న ఇంజను) విమానాల్లో సాధారణంగా రిసీవరుకూ, తోకను కదిపే సర్వోలకూ కూడా ఆ బ్యాటరీయే దిక్కు. అది గాలిలో ఖాళీ అయితే విమానం ఎవరి మాటా వినదు. ఎండ్ పాయింట్లు చెడ్డవి కావు, రాడ్డు సరిగా కుదిరాక చివర్లో వెంట్రుకవాసి సవరణకు అవి కావాలి. వరస మాత్రం మారకూడదు.

మీ ఇంట్లో ఈ జుయ్‌మనే చప్పుడు ఎక్కడుందో వెతకండి. కానిస్టేబులు పరీక్షకో డీఎస్సీకో చదివే అబ్బాయి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తానని ఒట్టు పెట్టుకుంటాడు. లేవలేడు. మర్నాడు ఇంకా గట్టి ఒట్టు. ఇంట్లో అమ్మానాన్నల గొంతు కూడా పెరుగుతుంది. అది స్టిక్కును ఇంకా తొయ్యడమే. రంధ్రం మార్చడమంటే రాత్రి ఫోను ఛార్జరును పక్క గదిలోకి మార్చడం. పుస్తకాన్ని అలమరలో కాక చాప మీద తెరిచి ఉంచడం. పదింటికల్లా భోజనాలు అయ్యేలా ఇంట్లో వాళ్లతో ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోవడం. ఇవి చిన్న పనులే. సంకల్పం నీరసంగా ఉన్న రోజు కూడా ఇవి పనిచేస్తాయి.

ఇక స్లో సంగతి. రేడియో మోడళ్ల తొలి రోజుల్లో చాలా విమానాలకు థ్రాటిలే, అంటే ఇంజను వేగం పెంచి తగ్గించే ఈ ఏర్పాటే, ఉండేది కాదు. పైలటు చేతిలో ఉన్నది తోక మీది చుక్కాని ఒక్కటే. ఇంజను మొదట పెట్టిన వేగంతోనే నడిచి, ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఆగేది. మనలో చాలామంది ఇప్పటికీ అలాగే పనిచేస్తాం. పరీక్ష నోటిఫికేషను వచ్చిన వారం రోజుకు పద్నాలుగు గంటలు, తర్వాత పెళ్లిళ్ల సీజనో అనకాపల్లి నూకాలమ్మ జాతరో రాగానే సున్నా.

మీ స్లో ఎంతో ఇవాళే తేల్చుకోండి. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా, కరెంటు పోయినా ఆగని కనీసపు పని. నన్నడిగితే ఇరవై నిమిషాలు చాలంటాను. సిగ్గుపడేంత తక్కువే పెట్టుకోండి, కానీ ఆగనివ్వకండి. ఆగిన గ్లో ఇంజనును మళ్లీ లేపాలంటే ప్లగ్గును బ్యాటరీతో వేడి చెయ్యాలి, ప్రొపెల్లరు తిప్పాలి. గాలిలో ఉండగా ఆగితే ఆ అవకాశమే లేదు. స్లోలో తిరుగుతున్న ఇంజనును రేసు చెయ్యడానికి వేలి కదలిక చాలు.

ఇంకో సంగతి ఉంది. బ్యారెల్ సగం తెరిచేసరికే ఇంజను తన బలంలో చాలా భాగం ఇచ్చేస్తుంది. మిగతా సగంలో వచ్చేది కొంచెమే. దిగేటప్పుడు పైలటు పనంతా ఆ కింది భాగంలోనే, పిసరంత ఎక్కువ, పిసరంత తక్కువ. ఇరవై నిమిషాలను గంట చేస్తే మీకు దక్కేది, పది గంటలను పదకొండు చేస్తే దక్కేదానికంటే చాలా ఎక్కువ.

2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ అనే అమెరికన్ పెద్దాయన ఈ విద్య ఎంత దూరం పోగలదో చూపించాడు. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. చూపు దాదాపు పోయింది, చెవులు సరిగా వినపడవు. ఆయన బృందం కట్టిన విమానం బరువు 5 కిలోల లోపే, అందులో దాదాపు సగం ఇంధనం. ఇంజను 10 సీసీలది. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి ఐర్లండు దాకా అట్లాంటిక్ మీద సుమారు 3,000 కిలోమీటర్లు, దాదాపు 39 గంటలు ఎగిరి దిగింది. అంతకుముందు పంపినవి గమ్యం చేరలేదు. ఆ చిన్న ఇంజను అన్ని గంటలూ బొట్టు బొట్టుగా తాగుతూ, ఒకే తీరున నడిచింది. చదువుకునే పిల్లల గోడ మీద ఆయన బొమ్మ ఉండాలని నా కోరిక.

ఆపడం కూడా ముందే బిగించుకోవాలి. రిసీవరుకు సంకేతం తెగిపోతే థ్రాటిల్ ఏం చెయ్యాలో ఫెయిల్‌సేఫ్ అనే అమరికలో ముందుగానే చెప్పి ఉంచుతారు. స్లోకి రావాలి, లేదా ఇంజను ఆగిపోవాలి. సంకేతం పోయాక చెప్పడానికి వీలుండదు కాబట్టి నేల మీదే చెప్తారు. ప్రొపెల్లరు తీసేసి లేదా విమానాన్ని గట్టిగా పట్టుకుని, ట్రాన్స్‌మిటరు ఆపి పరీక్షిస్తారు కూడా. పరీక్ష హాల్లో బుర్ర ఖాళీ అయిపోతే మీరు చేసే మొదటి పని ఏమిటి? పెన్ను కింద పెట్టి, నీళ్లు తాగి, బాగా వచ్చిన ప్రశ్న నంబరు వెతకడమా? ఇంట్లో మాట పెరిగి చెయ్యి లేవబోతుంటే? గది బయటికి వెళ్లి పది నిమిషాల తర్వాత రావడమా? ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక కాగితం మీద రాసుకుని, చిన్న మాక్ టెస్టులో ఒకసారి వాడి చూడండి.

ఇంజను వణుకుడుకు రాడ్డు రంధ్రాలు కొద్దికొద్దిగా అరుగుతాయి. బాగున్నట్టే కనిపిస్తుంది, స్లో మాత్రం రోజుకో రకంగా ఉంటుంది. అందుకని అనుభవజ్ఞులు ఎగరేసే రోజు పొద్దున్నే ఇంజను ఆపి ఉండగా రాడ్డును రెండు వేళ్లతో అటూ ఇటూ ఊపి చూస్తారు. మీరూ ఆదివారం పొద్దున పావుగంట కేటాయించండి. ఛార్జరు మళ్లీ మంచం పక్కకు వచ్చేసిందా, పుస్తకం అలమరలోకి వెళ్లిపోయిందా, ఇరవై నిమిషాలు ఏ రోజు తప్పాయి అని చూసుకోండి. తప్పిన రోజు ఎదురుగా కారణం రాసి, ఆ వారం ఆ ఒక్క రంధ్రమే మార్చండి.