పటములలో రంగులు, గీతలు: వాని సంకేతములు

పెద్ద ఆసుపత్రులలోను, విశ్వవిద్యాలయములలోను ఏ గది యే శాఖకు చెందినది, ఏది ఖాళీగా నున్నది, అగ్నిప్రమాదము సంభవించినపుడు ఏ మెట్లదారి బయటికి చేర్చును అను వివరము లెల్లప్పుడును సిద్ధముగా నుండవలెను. ఇందులకై కట్టడముల నిర్వహణ సాఫ్ట్‌వేరులు ఏర్పడినవి. ఆర్కిబస్ అనునది అట్టివానిలో నొకటి. ఇవి ఆటోక్యాడ్‌లో గీసిన పటములను పట్టికలతో జతపఱచును. ఇంజనీరింగు, డిప్లొమా చదువులకు పోగోరు బాలబాలికల తలిదండ్రులు ఈ పద్ధతిని తెలిసికొనుట మేలు.

కాగితముపై వేసిన రంగు ఆ కాగితమునే యంటియుండును. ఇచ్చట అట్లు కాదు. పటములో గోడల గీతలును, గది సంఖ్యయు నుండును. ఒక పట్టికలో ఆ గది యే శాఖదో వ్రాసియుండును. వేఱొక పట్టికలో ఆ శాఖకు నిర్ణయించిన రంగును, గీతల నమూనాయు వ్రాసియుండును. కంప్యూటరు గది సంఖ్యనుబట్టి శాఖను, శాఖనుబట్టి రంగును వెదకి గదిని నింపును. కావున పట్టికలో నొక్కచోట రంగు మార్చినచో, ఆ శాఖ గదులున్న నూఱు పటములలోను అది మాఱును.

పట్టికలో 'ఎరుపు' అను మాటకు బదులు అంకె యుండును. ఆటోక్యాడ్ లెక్కలో 1 ఎరుపు, 2 పసుపు, 3 ఆకుపచ్చ, 5 నీలము; ఇట్లు 255 వఱకు కలవు. ఇంకొక పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల పాళ్లను 0 మొదలు 255 వఱకు గల అంకెలతో తెలుపుదురు. 256ను 256చే, మఱల 256చే హెచ్చించిన 1,67,77,216 రంగులు వచ్చును.

గీతల నమూనాలకును ఇట్టి క్రమమే కలదు. 'ఏ.ఎన్.ఎస్.ఐ. 31' అను నమూనాలో వాలుగీతలు 45 డిగ్రీల కోణమున, ఒకదానికొకటి 0.125 ప్రమాణముల దూరమున సాగును. నమూనా పేరుతోపాటు దాని పరిమాణమును, కోణమును గూడ భద్రపఱచుదురు. పరిమాణము మఱీ తగ్గినచో గీతలు క్రిక్కిఱిసి గదియంతయు నొక మచ్చవలె కనబడును.

రంగు లుండగా గీతలేల యని యడుగవచ్చును. నలుపు తెలుపుల నకలు తీసినపుడు ఎరుపును, ఆకుపచ్చయు ఇంచుమించు ఒకే బూడిదవన్నెగా పడవచ్చును. అంతేగాక కొందఱు ఈ రెండు రంగులను వేఱుపఱుపజాలరు. ఉత్తర యూరపు సంతతి పురుషులలో ఇట్టివారు సుమారు 12 మందికి ఒకరు. ఈ లక్షణము సాధారణముగా తల్లి ద్వారా మగపిల్లలకు సంక్రమించును. శ్రద్ధాశ్రద్ధలతో దీనికి సంబంధము లేదు. బయటికి పోవు మెట్లదారిని కేవలము రంగుతో గుర్తించిన పటము అట్టివారికి ఆపదవేళ అక్కఱకు రాకపోవచ్చును. వాలుగీతలు గూడ నున్నచో వారును దారిని పోల్చుకొందురు.

మీ పిల్లలు పటములకు రంగులు వేయునపుడు, ఏ రంగు దేనికో తెలుపు సూచికను ముందుగా వ్రాయింపుడు. ప్రతి రంగునకును ఒక గీతల నమూనాను జతచేయింపుడు. ఎరుపును ఆకుపచ్చయని పలుమాఱు పొరబడు పిల్లవానిని అశ్రద్ధ గలవాడని దండింపక, ఉపాధ్యాయునకు తెలిపి కంటివైద్యునకు చూపింపుడు.